పేరు నిలిచినది, పాకము మారినది

ఒక వస్తువు పేరు మారక దానిలోని సారము మాత్రము మారినయెడల, దానిని చేయువాడు నీకు అన్యాయము చేసినవాడగునా? ప్రశ్న చిన్నదిగా కనబడును. అయినను ఇది బజారులోనే గాక ఇంటిలోను స్నేహములోను మనకు ఎదురగు ప్రశ్న. మిక్కిలి సామాన్యమైన ఒక వస్తువును ఎదుట పెట్టుకొని దీనిని ఆలోచింతము. ఆ వస్తువు ఫౌంటెన్ పెన్నులో పోయు సిరా.

చెరగని సిరా అని పేరుపొందినవాటిలో ఒకటి ఇనుపసిరా. మాచికాయలను దంచి తీసిన కషాయములో అన్నభేది కలిపి, తుమ్మబంకతో చిక్కపరచి, ఐరోపావారు అనేక శతాబ్దములు దానితోనే వ్రాసిరి. 1832లో ఇంగ్లండులో హెన్రీ స్టీఫెన్సు అను వైద్యుడు నీలి-నలుపు సిరాను చేసి అమ్మసాగెను. అటుపిమ్మట ఫౌంటెన్ పెన్నులు వచ్చినప్పుడు, బంక లేకుండ పలుచగా చేసిన ఇనుపసిరా వాటికిని అలవాటైనది. నీలి-నలుపు అను పేరులోనే దాని స్వభావమున్నది. వ్రాయునప్పుడు అది నీలముగా నుండును. కాగితపు నారలలోనికి ఇంకి గాలి తగిలిన తరువాత, అందలి ఇనుము మార్పుచెంది, కషాయములోని వగరుతో కూడి, నీటిలో కరగని నల్లని పదార్థమగును. పిమ్మట ఆ పుటమీద నీళ్లు ఒలికినయెడల నీలిరంగు కొట్టుకొనిపోవును గాని నలుపు నిలిచియుండును.

ఈ సంగతి తెలుగువారికి క్రొత్త కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన గుడ్డమీద, ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి తీసిన ద్రవముతో గీయుదురు. గీసిన గీత వారి కన్నులయెదుటనే నల్లబడును. అక్కడ కరక్కాయ వగరు ఇనుముతో కలిసి చేయు పనినే ఇక్కడ మాచికాయ వగరు చేయుచున్నది.

ఇప్పుడు జరిగిన సంగతి వినుము. జర్మనీ దేశములోని లామీ కంపెనీవారు బుడ్లలో అమ్మిన నీలి-నలుపు సిరా చాలకాలము ఇనుపసిరాయే. 2010 దశకపు తొలి సంవత్సరములలో దాని పాకము మారి ఇనుము తొలగినది. పేరు మాత్రము నీలి-నలుపనియే యున్నది. ఇంచుమించు ఆ కాలమందే అదే దేశపు మోంబ్లాంక్ కంపెనీవారి మిడ్‌నైట్ బ్లూ అను సిరాయు అట్లే మారినది. ఆ సిరాలను ఏండ్ల తరబడి వాడినవారిలో కొందరు రంగు చూచి అనుమానించిరి. కొందరు వ్రాసిన కాగితమును కుళాయి క్రింద పెట్టి చూచి తెలిసికొనిరి.

తెలిసికొన్నవారందరు ఒకే విధముగా నడువలేదు. కొందరు కోపించిరి. కొందరు దుకాణములలో మిగిలిన పాత బుడ్లను వెదకి కొని దాచుకొనిరి. మరి కొందరు, క్రొత్త సిరా కలమును పాడుచేయదు గనుక ఇదే మేలనిరి. ఇంకను ఇనుపసిరా చేయుచున్న ఇతర కంపెనీలను వెదకికొన్నవారును గలరు. లివర్‌పూల్ నగరపు డయమైన్ కంపెనీవారు రిజిస్ట్రారుల సిరా అను పేరుతోను, జపాను దేశపు ప్లాటినం కంపెనీవారు నీలి-నలుపు అను పేరుతోనే దానిని అమ్ముచున్నారు.

ఒక సిరాబుడ్డికొరకు ఇంత దుఃఖమా అని నవ్వవద్దు. ఒక తల్లి తన బిడ్డలకొరకు నోటుపుస్తకములో ఇంటి సంగతులను వ్రాసిపెట్టుచున్నదని తలంచుము. ఎవరు ఎప్పుడు పుట్టిరో, ఎవరికి ఎంత బాకీ తీర్చవలెనో, చనిపోయిన భర్త చివరి దినములలో ఏమి చెప్పెనో ఆమె వ్రాయుచున్నది. ముప్పది ఏండ్ల తరువాత వరదనీరు ఇంటిలో ప్రవేశించి ఆ పుస్తకమును తడిపినది. పాత సిరాతో వ్రాసిన పుటలు చదువ వీలగుచున్నవి, తరువాతి పుటలు నీలపు మరకలైనవి. అప్పటికి తిరిగి వ్రాయుటకు ఆ తల్లి లేదు. పుల్లని పెరుగు కొన్నవాడు ఆ పూటనే తెలిసికొని మరునాడు వేరొక అంగడికి పోవును. చెరగని సిరా అట్టిది కాదు. దాని మాట తప్పినదని తెలియు దినమున దిద్దుకొను అవకాశము దాటిపోయియుండును. అందుచేతనే దానిని కొనువాడు ఇతర సరకులకంటె దానిమీద ఎక్కువ నమ్మిక ఉంచుచున్నాడు.

అయితే చేయువాని పక్షమునను న్యాయముగా ఆలోచింపవలెను. ఇనుపసిరాలో ఇనుము విడిపోకుండుటకు ఆమ్లము ఉండవలెను. ఆ ఆమ్లము ఉక్కు పాళీని తినును. పెన్ను వాడక మూలపెట్టినయెడల లోపల మడ్డి గట్టిపడి కడుగుట కష్టమగును. ఆ కష్టము తొలగింప గోరిన కంపెనీని దుర్మార్గమని ఎట్లు చెప్పుదుము? ఇదియుగాక, పాతది ప్రతి విధమున మంచిదని తలంచుట పొరపాటు. 1750లో మరణించిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ అను గొప్ప సంగీతకర్త స్వహస్తముతో వ్రాసిన సంగీతపు పుటలు అనేకము బెర్లిను నగరములోని గ్రంథాలయములో నున్నవి. ఆయన కాలపు ఇనుపసిరా ఈనాటి పెన్నుల సిరాకంటె చాల తీవ్రమైనది. అది క్రమక్రమముగా కాగితమునే తినివేయగా స్వరముల గుర్తులున్నచోట్ల పుటలు చిల్లులు పడసాగెను. వాటిని కాపాడుటకు ఒక్కొక్క పుటను రెండు పొరలుగా చీల్చి, నడుమ పలుచని గట్టి కాగితముంచి, మరల అతికింపవలసివచ్చెను. వ్రాత చెరగలేదు గాని, వ్రాతను మోయు కాగితము చెడినది. కావున సిరా పాకము మార్చుట దానంతటదే తప్పు కాదు. ఒక్కొక్కప్పుడు మార్చుటయే మేలు.

మరి తప్పు ఎక్కడ నుండగలదు? నేతిబీరకాయలో నెయ్యి ఎంత అని మనవారందురు. నెయ్యి లేదని అందరికి తెలిసినదే గనుక ఆ పేరువలన మోసపోయినవాడు ఒక్కడునులేడు. కాని నేతి దుకాణమువాడు పదియేండ్లు మంచి నెయ్యి అమ్మి, ఒక దినమున అదే డబ్బాలో అదే పేరుతో వేరొకటి పోసినయెడల, నీవు దానిని ఆ విధముగా చూడవు. ఏలయనగా మొదటిదానిలో పేరును నమ్మినవాడు లేడు, రెండవదానిలో కలడు. ఒక పేరు అనేక సంవత్సరములు ఒకే గుణమును మోసిన తరువాత అది ఇచ్చిన మాటవంటిదగును. పాకము చేయువానిదే. పేరుమీద నిలిచిన నమ్మకములో మాత్రము కొనువానికిని పాలున్నది. ఆ పాలును బట్టి అతడు మార్పు వద్దని ఆజ్ఞాపింపలేడు గాని, మార్పును తెలిసికొను హక్కు గలవాడు. బుడ్డిమీద ఒక్క పంక్తి అచ్చువేసినను ఆ హక్కు తీరును.

నీవు ఇట్లనవచ్చును: "ఆ పెట్టెమీద చెరగనిదని ఎక్కడను వ్రాసియుండనియెడల, వ్రాయని మాట తప్పుట ఎట్లు?" ఇది తోసివేయదగిన ఆక్షేపణ కాదు. అచ్చువేసిన మాటను న్యాయస్థానములో చూపుట సులభము. అయినను మనస్సాక్షి యెదుట మరియొక ప్రశ్న గలదు. ఎదుటివాడు దేనిని నమ్మి నీయొద్దకు వచ్చుచున్నాడో నీవు ఎరుగుదువా? ఎరిగియుండి, ఆ నమ్మకమునకు ఆధారము తొలగిన తరువాత ఊరకుండి, అతని సొమ్ము తీసికొనుట ధర్మమా? అబద్ధము పలుకకుండనే మనుష్యుని మోసగింపవచ్చును. దానికి మౌనము చాలును.

కొనువానికిని ఒక ధర్మమున్నది. పాత బుడ్లను పోగుచేయుటవలన అతని భయము తీరదు. మూత తీసిన ఇనుపసిరాకు గాలి తగులుచుండగా, కాగితములో జరుగవలసిన పని బుడ్డిలోనే జరిగి, నల్లని మడ్డి అడుగున దిగును. నిలువయుంచవలెనని దాచినదే నిలువయుండదు. కావున అతడు చేయదగినది వేరు. క్రొత్త బుడ్డి తెచ్చినప్పుడెల్ల ఒక కాగితముమీద వ్రాసి, కొన్ని దినములు ఆరనిచ్చి, నీటిలో ముంచి చూడవచ్చును. ముఖ్యమైన పుస్తకము మొదటి పుటలో ఏ సిరాతో ఏ సంవత్సరమున వ్రాసెనో గుర్తుపెట్టవచ్చును. చెరిగిపోరాని సంగతిని రెండు చోట్ల వ్రాయవచ్చును. మరియు కోపము చల్లారిన తరువాత తన్ను తాను ఈ ప్రశ్న అడుగవచ్చును: నాకు కావలసినది ఆ బుడ్డియా, లేక నా మాట నా తరువాతివారికి చేరుటయా? రెండవదే కావలసినయెడల దానికి ఇంకను త్రోవలున్నవి.

ప్రియ చదువరీ, సిరా అమ్మువారు కొద్దిమందియే. పేరు మోయువారము మాత్రము మనమందరము. తండ్రి అనియు, స్నేహితుడనియు, జామీను నిలిచినవాడనియు నిన్ను పిలుచువారున్నారు. ఆ పేరును నమ్మి వారు తమ బ్రదుకులో ఏదో ఒకటి నీమీద ఆనించియున్నారు. ఏండ్లు గడచినకొలది నీవును మారుదువు. నీ బలము తగ్గవచ్చును, నీ అభిప్రాయము మారవచ్చును, ఒకప్పుడు సంతోషముగా మోసిన బరువు ఇప్పుడు మోయలేకపోవచ్చును. అందులో సిగ్గుపడవలసినది లేదు. అయితే నిన్ను నమ్మినవారికి ఆ సంగతి తెలియునా? అప్పునకు జామీను నిలిచెదనని నీవు చెప్పిన స్నేహితుడు, నీ చేతిలో ఇప్పుడు ఆ శక్తి లేదని ఎరుగక, దానినే నమ్ముకొని క్రొత్త బాధ్యత నెత్తికెత్తుకొనుచున్నాడేమో. అతడు నీయొద్ద పరీక్షకు కాగితము తడిపి చూడడు. నీవే చెప్పవలెను.

చెప్పినయెడల అతడు నొచ్చుకొనవచ్చును, కొంతకాలము దూరమును కావచ్చును. కాని ఇప్పుడు తెలిసినవాడు వేరొక త్రోవ చూచుకొనును. వరద వచ్చిన దినమున తెలిసినవానికి ఏ త్రోవయులేదు. అట్టివాడు నీకు ఎవడైన నుండినయెడల, ఈ వారములోనే అతని యింటికి పోయి ఆ మాట చెప్పిరమ్ము.