పులుపు నిలుపుకున్న తీగ

ద్రాక్ష పండేకొద్దీ తీపెక్కుతుంది, పులుపు తగ్గుతుంది. ఎండ ముదిరితే ఆ తగ్గడం మరీ తొందరగా జరిగిపోతుంది. చల్లటి సీమలకు అలవాటైన తెల్లద్రాక్షను వేడి నేలలో వేస్తే పంచదారకు లోటుండదు గానీ, ఆ రసంతో చేసిన వైన్ నాలుక మీద చప్పగా, బరువుగా కూర్చుంటుంది. అలాంటిది, నిప్పులు చెరిగే వేసవిలో, బూడిద నేలలో, పూర్తిగా పండాక కూడా పులుపును గట్టిగా పట్టుకుని ఉండే ద్రాక్ష ఒకటుంది. పేరు అసీర్తికో. పుట్టిల్లు గ్రీసు దేశపు సాంటొరిని ద్వీపం.

దాదాపు 3,600 ఏళ్ల కిందట ఆ ద్వీపం మీద అగ్నిపర్వతం బద్దలైంది. నడిమి భాగం సముద్రంలో కుంగిపోయి, నెలవంకలాంటి గట్టు మిగిలింది. ఆ గట్టంతా బూడిద, నురగరాయి మందంగా పేరుకుపోయాయి. పిడికిట పడితే పొడిపొడిగా జారిపోయే ఆ నేలలో బంకమన్ను లేదు, ఆకు కుళ్లిన సారం లేదు. వాన పడితే చలికాలంలోనే, అదీ కొద్దిగా. వేసవి పొడుగునా ఉత్తరం నుంచి మెల్తెమి గాలి ఇసుకను ఎత్తి విసురుతూనే ఉంటుంది. చూసినవాళ్లెవరూ ఇక్కడ పంట పండుతుందనుకోరు. ఆ నేలే ఈ తీగను కాపాడింది. 1860ల నుంచి ఫిలోక్సెరా అనే చిన్న పురుగు వేళ్లను పట్టి యూరప్ తోటలను తుడిచిపెట్టేసింది. ఆ తర్వాత అక్కడి రైతులు దాదాపు అంతటా అమెరికా ద్రాక్ష వేరుమొక్కల మీద తమ తీగలను అంటుకట్టుకుని బతికారు. సాంటొరినిలో ఆ పురుగుకు నిలువనీడ దొరకలేదు. అక్కడి అసీర్తికో ఇవాళ్టికీ సొంత వేళ్ల మీదే నిలబడి ఉంది.

చలికాలంలో అక్కడి కత్తిరింపుల పని చూడాలి. పందిరి ఉండదు, రాటలుండవు, తీగలు లాగి కట్టిన వైర్లుండవు. రైతు నేల మీద వంగి, కిందటేడు పెరిగిన కొమ్మల్లో బలమైనవాటిని ఉంచి మిగతావి కోసేస్తాడు. ఉంచినవాటిని ఒకదానిలో ఒకటి అల్లుతూ గుండ్రంగా చుట్టుకొస్తాడు. కొమ్మ ఎంతవరకు వంగుతుందో, ఎక్కడ పుటుక్కుమంటుందో అతని బొటనవేలికి తెలుసు. పని ముగిసేసరికి తీగంతా కుండ కింద పెట్టే కుదురులా నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని అక్కడ కూలూరా అంటారు. వసంతంలో చిగుళ్లు పైకి లేస్తాయి, గుత్తులు ఆ చుట్ట లోపల వేలాడతాయి. ఆకులు ఎండకు అడ్డుపడతాయి, ఇసుక గాలి మీదుగా దాటిపోతుంది. రాత్రి సముద్రం మీంచి వచ్చే మంచు తేమను నురగరాయి పీల్చి దాచుకుని, మెల్లగా వేళ్లకు అందిస్తుంది. డెబ్బై, ఎనభై ఏళ్లకు చుట్ట అలిసిపోతే దాన్ని నేల మట్టానికి కోసేస్తారు. పాత వేరు నుంచే కొత్త కొమ్మ లేస్తుంది, అల్లిక మళ్లీ మొదలవుతుంది. కంటికి కనిపించే తీగ వయసు పదుల్లో ఉంటే, కింద దాగిన వేరు వయసు వందల్లో ఉండొచ్చు.

ఆ పులుపు రహస్యమేమిటి? ద్రాక్షలో రెండు ఆమ్లాలు ముఖ్యం: మాలిక్, టార్టారిక్. వేడికి మాలిక్ ఆమ్లం కాయలోనే కరిగిపోతూ ఉంటుంది. టార్టారిక్ మొండిది, అంత తేలిగ్గా తగ్గదు. అసీర్తికోలో పులుపు బలమంతా ఆ మొండిదాని మీదే నిలబడి ఉంది. పైగా ద్వీపపు నేలలో పొటాషియం తక్కువ, అది ఎక్కువుంటే టార్టారిక్ పదును తగ్గించేది. ఈ పులుపు శక్తి చూడాలంటే విన్‌సాంటో తాగాలి. కోసిన గుత్తులను రోజుల తరబడి ఎండబెట్టి, చిక్కబడ్డ రసాన్ని పీపాల్లో ఏళ్లు నిలవబెట్టి చేసే తీపి వైన్ అది. అంత తీపి కింద కూడా పులుపు చెక్కుచెదరకుండా వచ్చి నోటిని శుభ్రం చేస్తుంది.

ఈ తీగ ఇప్పుడు సముద్రాలు దాటింది. ఆ ప్రయాణం తలచుకుంటే నాకు ఆశ్చర్యం ఆగదు. ద్రాక్షను గింజ నుంచి పెంచితే తల్లి గుణం నిలవదు, ప్రతి గింజా ఒక కొత్త మొక్క. రకం నిలవాలంటే కొమ్మ ముక్క నాటాలి. అంటే కొత్త దేశంలో పెరిగే అసీర్తికోను పాతదాని సంతానమనడం కూడా సరిపోదు. ద్వీపంలో మొదలైన ప్రాణమే మరో నేలలో కొనసాగుతోంది. పెన్సిలంత లావు కొమ్మ, నాలుగు కణుపులు, నిద్రపోతున్న మొగ్గలు. వందల ఏళ్ల రైతుల ఎంపికంతా ఆ జానెడు పుల్లలో ప్రయాణిస్తుంది.

దక్షిణ ఆస్ట్రేలియాలో క్లేర్ వ్యాలీ అనే లోయ ఉంది. రీస్లింగ్ ద్రాక్షకు పేరుపడ్డ చోటు. అక్కడి జిమ్ బ్యారీ వైన్స్ కుటుంబానికి చెందిన పీటర్ బ్యారీ 2006లో సాంటొరిని వెళ్లి అసీర్తికో రుచి చూశారు. ఎండలోనూ ఇంత పదును నిలుపుకునే ద్రాక్ష తమ లోయకు కావాలనుకున్నారు. అయితే కావాలనుకోగానే మొక్క రాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో ఫిలోక్సెరా ఇప్పటికీ అడుగుపెట్టలేదు, దాన్ని రానివ్వకూడదని అక్కడి కట్టుబాట్లు చాలా గట్టివి. బయటి నుంచి వచ్చిన కొమ్మలు క్వారంటైన్‌లో ఉండాలి, వైరస్ పరీక్షలు దాటాలి, ఆ తర్వాత ఒకటి పదిగా, పది వందగా పెంచుకోవాలి. 2012లో గానీ లాడ్జ్ హిల్ తోటలో మొక్కలు నాటలేకపోయారు. 2016 పంటతో ఆస్ట్రేలియా తొలి అసీర్తికో బజారుకొచ్చింది. నచ్చిన రుచికీ సొంత సీసాకూ మధ్య పదేళ్లు. వ్యవసాయంలో ప్రేమకు ఓర్పే రుజువు.

ఆ తీగ పడ్డ కష్టం కూడా తక్కువేం కాదు. ద్వీపంలో ఆగస్టు కోతల నెల. క్లేర్‌లో అదే ఆగస్టు చలికాలం, తీగ మోడై నిలబడే వేళ. భూగోళం అవతలి సగానికి చేరిన కొమ్మ తన సంవత్సరాన్నే తలకిందులు చేసుకోవాలి. చేసుకుంది! మొగ్గకు నెలల పేర్లతో పనిలేదు. చలి తగ్గి నేల వెచ్చబడితే చాలు, సెప్టెంబరే దానికి వసంతం. కూలూరా లేదు, అగ్నిపర్వతపు బూడిద లేదు, మెల్తెమి లేదు. లోయలో వేసవి పగళ్లు వేడి, రాత్రులు చల్లన. ఆ కొత్త వాతావరణంలో కాసిన కాయలోనూ పులుపు తన చోటులోనే ఉంది. నిమ్మతొక్క వాసన, రాయిని నాకినట్టుండే ఒక గట్టిదనం, చివర్లో కాస్త ఉప్పదనం. ద్వీపపు వైన్‌కున్న మొరటు బలం దీనికి రాకపోవచ్చు. రావాలని కోరడం కూడా న్యాయం కాదు. నేల ఇచ్చినది నేల దగ్గరే ఉంటుంది, తీగ తన వంతు వెంట తెచ్చుకుంది. ఏది నేల సొత్తో, ఏది తీగ సొత్తో ఈ ప్రయాణం వల్లనే తెలిసింది.

క్లేర్ ఒక్కటే కాదు. గ్రీసు ప్రధాన భూభాగంలో ఎన్నో తోటలు, దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బాష్, కాలిఫోర్నియాలో లోడై, ఇటలీలో ఆల్ప్స్ కింది కొండవాలులు కూడా దీనికి చోటిచ్చాయి. ఒక్కో నేల దీన్ని ఒక్కోలా పలికిస్తోంది. మరోపక్క సాంటొరినిలో హోటళ్లు, విల్లాలు పెరిగి తోటలు తగ్గిపోతున్నాయి, వానలు మొహం చాటేస్తున్నాయి. కాబట్టి వెలుపల నాటిన ప్రతి మొక్కా పుట్టిల్లు విలువ పెంచాలి. ఆ చుట్టలు అల్లే చేతులకు గిట్టుబాటు ధర దక్కాలి. అవి ఆగిపోతే ఎన్ని దేశాల్లో తీగ బతికినా, దాన్ని అలా మలిచిన విద్య బతకదు.

ప్రపంచంలో ద్రాక్ష రకాలు వేలల్లో ఉన్నాయి, అంగళ్లలో వినిపించే పేర్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏటికేడు ఎండలు ముదురుతుంటే, కొత్త రకాల కోసం ప్రయోగశాలల్లో వెతుకుతున్నాం. మంచిదే, వెతకాలి. దాంతోపాటు, వేడినీ కరువునీ గాలినీ ఓర్చుకోవడం ఎలాగో వేల ఏళ్లుగా సాధన చేసిన తీగలను కూడా పలకరించాలి. పుట్టింట్లో అసీర్తికోకు సిరిగల నేల ఏనాడూ దక్కలేదు. లేమిలోనే అది పదును నేర్చుకుంది, ఆ పదును ఇవాళ వేడెక్కుతున్న ప్రతి లోయకూ పనికొస్తుంది. దాన్ని బూడిదలో నిలబెట్టిన పేరులేని రైతులకు, ఓపికగా సముద్రం దాటించినవాళ్లకు నమస్కారం. పేరు తెలియని రకమని పక్కన పెట్టే ముందు, ప్రతి దేశంలోనూ ఎవరో ఒకరు ఒక కొమ్మ నాటి చూడాలి.