మైలేజ్ పెరిగితే పుణ్యం పెరుగుతుందా? ద్రాక్షారామంలో మా పాత కారు కథ



పోయిన వీడియోలో ద్రాక్షారామం భీమేశ్వర స్వామి దర్శనం చూశారు కదా. అందులో గోపురం ముందు రెండు సెకన్లపాటు ఒక వెండిరంగు హ్యాచ్‌బ్యాక్ కనిపిస్తుంది. అది మాదే. 2014లో నాన్నగారు కొన్నారు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న నానమ్మని కోటిపల్లి సోమేశ్వరుడి దగ్గరికి, కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కొన్న కారు. నానమ్మ పోయాక, నాన్నగారికి రాత్రిపూట చూపు ఆనడం తగ్గాక, అది హైదరాబాద్‌లో నా దగ్గరికొచ్చింది.

ఈ కార్తీకానికి ఊరెళ్ళేముందు దాన్ని ఇచ్చేసి హైబ్రిడ్ కారు తీసుకుందామని దాదాపు నిర్ణయించేసుకున్నాను. ఎందుకు ఆగిపోయానో ఈ పోస్ట్‌లో చెప్తాను. ఇది కార్ రివ్యూ కాదు. ఒక మంచిపని చేస్తున్నామని అనుకున్నప్పుడు అది నిజంగా ఎవరికోసం చేస్తున్నామో ఎలా తెలుస్తుంది? నన్ను వేధించిన ప్రశ్న అది.

ఎక్సెల్ షీట్ ఏం చెప్పింది

మన దేశంలో స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటే ఎక్కువగా హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ లాంటి పెద్ద కార్లే. వాటిల్లో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు కొంతదూరం మోటారే చక్రాలు తిప్పుతుంది, ఇంజిన్ ఆగి ఉంటుంది. నా బడ్జెట్‌కి అవి అందవు. నాకు దొరికింది సెకండ్ హ్యాండ్‌లో 2019 మోడల్ మైల్డ్ హైబ్రిడ్ హ్యాచ్‌బ్యాక్. అందులో చిన్న అదనపు బ్యాటరీ, స్టార్టరూ జనరేటరూ కలిసిన ఒక మోటారు ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపుతుంది, బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిలో కొంత దాచుకుంటుంది, ఎక్సలేటర్ తొక్కినప్పుడు కాస్త సాయం చేస్తుంది. అంతేగానీ కరెంటు మీదే కారు కదలదు. అమ్మేవాళ్ళు మాత్రం "హైబ్రిడ్ సార్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇంజనీర్ని కదా, లెక్క వేశాను. నేను ఏడాదికి సుమారు 9,000 కిలోమీటర్లు తిరుగుతాను. మా పాత కారు సిటీలో లీటరుకి 14 ఇస్తుంది. ఆ హైబ్రిడ్ నడిపేవాళ్ళని అడిగితే 18 వస్తుందన్నారు. అంటే 643 లీటర్ల బదులు 500 లీటర్లు. ఏడాదికి 143 లీటర్ల ఆదా. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల చొప్పున 15 వేల పైచిలుకు. పాతది ఇచ్చేశాక నేను పైన వేయాల్సింది మూడున్నర లక్షలు. ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు 23 ఏళ్ళు పడుతుంది!

సరే, డబ్బు కోసం కాదు కదా, భూమాత కోసం అనుకున్నాను. లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఏడాదికి 330 కిలోలు తగ్గుతుంది. వినడానికి బాగుంది. నలుగురికీ చెప్పుకోడానికి ఇంకా బాగుంది.

నాన్నగారు అన్న మాట

ఊరెళ్ళాక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇదంతా చెప్పాను. అమ్మ వెంటనే, "మార్చేయరా బాబూ. రేపు పెళ్ళిచూపులకి ఈ డొక్కులోనా వెళ్తాం?" అంది. నాన్నగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగారు. "మరి మన కారు ఏమవుద్దిరా?"

"ఎవరో కొనుక్కుంటారు నాన్నా."

"వాళ్ళు పెట్రోల్ పోయించకుండా తిప్పుతారా?"

నా షీట్‌లో ఆ కాలమ్ లేదు. నేను కొనబోయేది కూడా సెకండ్ హ్యాండే. అంటే ఆ రెండు కార్లూ ఎలాగూ రోడ్డు మీదే ఉంటాయి, ఓనర్లే మారతారు. ఎక్కువ తిరిగేవాళ్ళ చేతికి ఎక్కువ మైలేజ్ ఇచ్చే కారు వెళ్తే కొంత మేలు ఉండొచ్చు. కానీ నాకంటే ఎక్కువ తిరిగేవాళ్ళు ఆ హైబ్రిడ్ కొనుక్కుంటే? 330 కిలోలు తగ్గేది నా పేరు మీద మాత్రమే. లోకంలో తగ్గుతుందో లేదో నేను చెప్పలేను.

నాన్నగారు ఇంకో మాట కూడా అన్నారు. "మార్చుకోవాలంటే మార్చుకోరా, నాకేం బాధ లేదు. భూదేవి కోసం మారుస్తున్నానని మాత్రం అనకు. ఆవిడ పేరు ఎందుకు వాడుకోవడం?"

మనసు చివుక్కుమంది. నిజం చెప్పాలంటే, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కొత్త కార్ల మధ్య మా కారు పార్క్ చేయడం నాకు నామోషీ. అసలు కారణం అది. దానికి ధర్మం అనే కండువా కప్పాను.

దక్షుడి యజ్ఞం

మర్నాడు తెల్లవారుజామున గుడికి వెళ్ళాం. ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటని మీకు తెలుసు. చాళుక్య భీముడి పేరుతో ముడిపడిన గుడి. స్వామి రెండు అంతస్తుల ఎత్తున ఉంటాడు, పై అంతస్తుకి ఎక్కితేనే శిరోభాగం కనిపిస్తుంది. పక్కనే మాణిక్యాంబ అమ్మవారు, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరు. ఇది దక్షుడు ఉన్న చోటని, దక్షారామమే ద్రాక్షారామం అయ్యిందని స్థలపురాణం.

దక్షుడంటే సమర్థుడు. ఇంధనం పొదుపుగా వాడే గుణాన్ని కూడా తెలుగులో ఇంధన దక్షత అంటాం. చిన్నప్పట్నుంచీ ఆ కథ వింటున్నా ఈ రెండు మాటలూ ఒకటేనని నాకెప్పుడూ తట్టలేదు. దక్షుడి యజ్ఞంలో లోటు ఏముంది? ద్రవ్యాలున్నాయి, ఋత్విజులున్నారు, దేవతలంతా వచ్చారు. ఒక్క శివుణ్ణే పిలవలేదు. యజ్ఞం లోకకల్యాణం కోసమన్న పేరుంది, లోపల మాత్రం అల్లుణ్ణి చిన్నబుచ్చాలన్న పంతం. సతీదేవి దేహం వదిలింది, వీరభద్రుడు వచ్చాడు, యజ్ఞం ధ్వంసమైంది. సామర్థ్యం ఎంతున్నా, ఎందుకు చేస్తున్నామో ఆ మూలంలో అహంకారం ఉంటే ఇంతే.

ఆర్థికశాస్త్రంలో కూడా దీనికి దగ్గరగా ఒక మాట ఉంది. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లండ్ ఆయన బొగ్గు గురించి రాస్తూ, ఆవిరి ఇంజిన్లు పొదుపుగా మారేకొద్దీ బొగ్గు వాడకం తగ్గకుండా పెరిగిందన్నాడు. చవకైంది కాబట్టి ఎక్కువమంది, ఎక్కువ పనులకు వాడారు. నా సంగతి ఆలోచించాను. 18 మైలేజ్ వస్తే ఆదివారం వికారాబాద్ డ్రైవ్‌కి "పర్లేదులే, హైబ్రిడ్డే కదా" అని బయల్దేరనా? నూటికి నూరుపాళ్ళూ బయల్దేరతాను.

ఇక్కడివాళ్ళకి పెట్రోలూ గ్యాసూ బంకులో మొదలయ్యేవి కావు. మా డెల్టా పొలాల కిందనుంచే తోడుతున్నారు. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర బావి బద్దలై మంటలు లేచాయి. ఆర్పడానికి 65 రోజులు పట్టింది. నేను అప్పటికి పుట్టలేదు. మా ఇంట్లో మాత్రం ఆ మాట వస్తే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. మనం వాడేది ఎక్కడో ఒకచోట ఎవరి పొలం కిందనుంచో వస్తోంది. అందుకే తగ్గించాల్సిందే. అయితే కారు మార్చడమొక్కటే దానికి దారా అన్నది నా సందేహం.

చివరికి ఏం చేశాను

ఈశావాస్యోపనిషత్తు మొదట్లోనే చెప్పేది, ఇదంతా ఈశ్వరుడిదే, కాబట్టి వదులుకునే బుద్ధితో అనుభవించమని. నేను వదులుకోవడం అనే భాగాన్ని దాటేసి, మెరుగైన అనుభవం దగ్గరికి దూకేశాను. అందుకే షీట్‌ని మళ్ళీ తెరిచి, ఈసారి మైలేజ్ కాలమ్ వదిలేసి కిలోమీటర్ల కాలమ్ చూశాను.

ఏడాదికి మూడుసార్లు ఊరికి కారులో వస్తున్నాను, రానూపోనూ సుమారు 900 కిలోమీటర్లు. ఒంటరిగా వచ్చే రెండుసార్లు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ దిగి బస్సెక్కితే 1,800 తగ్గుతాయి. ఆఫీసుకి వారంలో రెండురోజులు కారు తీస్తున్నాను. ఒకరోజు మెట్రోలో వెళ్తే ఏడాదికి ఇంకో 2,100. మొత్తం 3,900 కిలోమీటర్లు, పాత కారు మైలేజ్ ప్రకారమే 279 లీటర్లు. హైబ్రిడ్ మిగిల్చే దానికి దాదాపు రెట్టింపు. రైలుకీ మెట్రోకీ కరెంటు కావాలి, నిజమే. కానీ నేనెక్కినా ఎక్కకపోయినా అవి నడిచేవే.

హైబ్రిడ్ కొనడం తప్పని నేను అనట్లేదు. ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి ఇదే లెక్కలో దాదాపు 400 లీటర్లు మిగులుతాయి. కారు పొగ కక్కుతున్నా, ఇంట్లో పెద్దవాళ్ళకి భద్రత చాలదనిపించినా మార్చాల్సిందే. నామోషీగా ఉండి మార్చినా అది మహాపాపమేమీ కాదు. కానీ అసలు కారణం ఏదో ఆ కారణమే చెప్పి కొనుక్కుందాం.

దర్శనం అయ్యాక కొత్త కారుకి చేయించినట్టే మా పాత కారుకి వాహన పూజ చేయించాను. పంతులుగారు నవ్వి, "ఎద్దునెక్కి తిరిగే స్వామి బాబూ, ఆయన మోడల్ అడగడు" అన్నారు. నాలుగు నిమ్మకాయలు తొక్కించి ఇంటికొచ్చాం.

దాని రిజిస్ట్రేషన్‌కి 15 ఏళ్ళు 2029లో నిండుతాయి. అప్పటిదాకా ఉంచుతాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. పెళ్ళిచూపులకి మా మావయ్య కారు అడుగుదామంటోంది. ఆ విషయంలో మాత్రం నాకింకా జవాబు దొరకలేదు.

మీరు ఈమధ్య కొన్న పెద్ద వస్తువు ఏదైనా గుర్తు తెచ్చుకోండి. దాన్ని కొనేటప్పుడు ఇంట్లో చెప్పిన కారణం, మనసులో ఉన్న కారణం ఒకటేనా? కామెంట్లలో రాయక్కర్లేదు. ఈ సోమవారం దీపం పెట్టేటప్పుడు స్వామికి చెప్పుకోండి, చాలు.

హర హర మహాదేవ.