మెలకువే మేలా?

హిందూపురంలోనో పెనుకొండలోనో ఒక మనిషికి ఉన్నట్టుండి మూతి వంకరపోయి, కుడి చెయ్యి, కాలు పడిపోతే ఇంటివాళ్లు కారెక్కించి బెంగళూరు దారి పడతారు. ధర్మవరం నుంచైతే ఆ దారి ఇంకా పొడుగు. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు మెదడులో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో లెక్కగట్టారు. ఆసుపత్రిలో గజ్జల దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టం పంపి, నాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను లాగేస్తారు. అంతకుముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పూర్తి మత్తు ఇవ్వాలా, కొద్దిపాటి మత్తుతో మెలకువగానే ఉంచాలా? ఇంటివాళ్ల మనసు మెలకువ వైపు మొగ్గడం సహజం. అందులో భయంతో పాటు నమ్మకమూ ఉంది. చివరి క్షణంలో దేన్ని తలిస్తే ఆ గతే కలుగుతుందని గీత ఎనిమిదో అధ్యాయం చెబుతుందని విన్నవాళ్లం కదా. అయినా మెలకువలో ఉండటమే పుణ్యమనీ, మత్తులో ఉండటం ఆత్మకు లోటనీ అనుకోవడానికి ఆధారం లేదని నా వాదన.

ముందు వైద్యం సంగతి చూద్దాం. పూర్తి మత్తు ఇచ్చినవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారని తొలినాళ్ల పరిశీలనలు చెప్పాయి. కానీ స్పృహ తప్పినవాళ్లకు, వాంతులవుతున్నవాళ్లకు, కదలకుండా ఉండలేనివాళ్లకు పూర్తి మత్తు ఇచ్చేవాళ్లు. అంటే జబ్బు ముదిరినవాళ్లే ఆ వైపు చేరారు. తప్పు మత్తుది ఎలా అవుతుంది? చీటీ వేసినట్టు రోగులను రెండుగా పంచి చూసినప్పుడు బొమ్మ మారింది. 2016లో జర్మనీలో 150 మందితో సియెస్టా, 2017లో స్వీడన్‌లో 90 మందితో యాన్‌స్ట్రోక్, 2018లో డెన్మార్క్‌లో 128 మందితో గోలియత్ పరీక్షల ఫలితాలు వచ్చాయి. మెలకువే మేలని ఏదీ తేల్చలేదు. అయితే ఆ పరీక్షల్లో పై బీపీ 140కి తగ్గకూడదని నియమం పెట్టుకున్నారు. మత్తు ఇచ్చేటప్పుడు బీపీ పడిపోతే, మెదడులో చనిపోయిన చోటు చుట్టూ కొనఊపిరితో ఉన్న భాగానికి అందే కాస్త రక్తమూ ఆగిపోతుంది. కాబట్టి అసలు ప్రమాదం బీపీ పడిపోవడంలో, ఆలస్యంలో ఉంది.

మరి దైవస్మరణ మాటేమిటి? శ్రీవైష్ణవులు నిత్యం తలచే వరాహ చరమశ్లోకం దీనికి నేరుగా జవాబిస్తుంది. ఒళ్లు, మనసు బాగున్న రోజుల్లో తనను తలచినవాడు కట్టెలా, రాయిలా పడి ఉన్న వేళ, వాణ్ణి తానే తలచుకుంటానని స్వామి మాట ఇస్తాడు. స్మరణ భారం రోగి నుంచి దేవుడి మీదికి మారింది! కదిరి నరసింహుడికి మొక్కినవాడైనా, పెనుకొండ బాబయ్య దర్గాలో తల వంచినవాడైనా, ఆ భక్తిని మత్తుమందు చెరిపేస్తుందని ఎలా నమ్మగలం?

రోగి ఇష్టం అడగొద్దా అనే ఆక్షేపణ మాత్రం బరువైనది. మనిషిని అడగకుండా స్పృహ తీయడం చిన్న విషయం కాదు. కానీ కుడివైపు పడిపోయిన వాళ్లలో చాలామందికి మాట కూడా పడిపోతుంది. చెప్పింది అర్థం కాక, కంగారులో తల తిప్పేవాళ్లను మెలకువగా ఉంచితే అది వాళ్ల ఇష్టాన్ని గౌరవించినట్టా? గొట్టం మెదడులో ఉండగా ఆ కదలికే నాళాన్ని చీల్చవచ్చు. నిబ్బరంగా పడుకోగలిగినవాళ్లకు కొద్ది మత్తు చాలు. అందుకే ఇంటివాళ్లు దారిలోనే ఫోన్ చేసి అడగాల్సినవి వేరు: గడ్డ తీసే డాక్టరు ఇప్పుడు ఉన్నారా, మత్తు డాక్టరు సిద్ధంగా ఉన్నారా, బీపీ పడకుండా ఎవరు చూస్తారు?