నలుగురు మోసికొనివచ్చిన మనుష్యుడు

ధ్యాన భాగము: మార్కు 2:1-12



కపెర్నహూములోని ఆ యింటికి పక్షవాయువు గలవాడు తనంతట తాను రాలేదు. నలుగురు మోసికొనివచ్చిరి. గుంపు అడ్డమైనప్పుడు వానిని వీధిలో దించి, నీకు విశ్వాసము చాలదని చెప్పి పోలేదు. ఇంటి కప్పు విప్పిరి. ప్రభువు చూచినది ఆ మోసినవారి విశ్వాసమును అని మార్కు వ్రాయుచున్నాడు. ఈ భాగమును ఎన్నోమారులు చదివిన మనము, త్రాగుడులో చిక్కుకొనిన మన సహోదరుని విషయములో దీనిని జ్ఞాపకము చేసికొనుచున్నామా?

మన సంఘములలో జరుగునది అందరికిని తెలిసినదే. నూతన సంవత్సరపు రాత్రి ఆరాధనలో అతడు మోకరించి ఏడ్చును, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకొనును. మనము స్తోత్రము చెప్పుదుము. సంక్రాంతి నాటికి మరల బెల్టు షాపు నొద్ద కనబడును. పెద్దలు కూడి అతనికి ప్రభు బల్ల నిలిపివేయుదురు. ఆదివారమున అతని భార్య కొంగు కప్పుకొని అందరికంటె వెనుక కూర్చుండును. అతడు అబద్ధమాడెనా? లేదు, ఆ రాత్రి ఏడ్చిన ఏడ్పు నిజమే. కాని మరునాటి సాయంకాలము కూలి డబ్బు చేతిలో పడినప్పుడు అతనితో కూడ నడచినవాడు ఒక్కడును లేడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరుగబడిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట పాకగా 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. ఆ తల్లులు చేసినది గొప్ప కార్యము. అయినను అంగడి మూసినను తెరచినను, ఒంటికి పట్టిన దాహము గలవానికి తోడు కావలెను.

ఆ తోడు నిమిత్తమే పుట్టిన సహవాసమొకటి కలదు. 1935 మే నెలలో విల్సన్ అను వ్యాపారి అమెరికాలోని ఏక్రన్ పట్టణములో ఒక హోటలులో ఒంటరిగా నిలిచెను. అతడు త్రాగుడు మాని కొద్ది నెలలే అయినది. తలపెట్టిన పని చెడినది. ప్రక్కనే మద్యపు గది. అతడు అందులోనికి పోక, ఆ ఊరి సంఘముల పట్టిక చూచి ఒక పాస్టరుగారికి ఫోను చేసి, తనవంటి త్రాగుబోతు మరియొకనితో మాటలాడవలెనని అడిగెను. ఆ పాస్టరుగారు ప్రసంగము చేయలేదు, తనకు తెలిసినవారి పేర్లు ఇచ్చెను. (మావంటి వారము నేర్చుకొనదగిన సంగతి!) ఆ దారిని పోయి అతడు డాక్టర్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసికొనెను. పదునైదు నిమిషములని కూర్చున్న డాక్టరు గంటల తరబడి లేవలేదు. ఆ యిద్దరితో ఆల్కహాలిక్స్ ఎనానిమస్, అనగా ఏ.ఏ., ప్రారంభమాయెను. మన దేశమునకు అది 1957లో వచ్చినది.

ఆ కూటములలో రుసుము లేదు, ఇంటిపేరు అడుగరు. మానవలెనను కోరిక ఉన్న చాలును. ఒకడు తన పతనమును చెప్పును, తక్కినవారు వినుదురు. ఈ ఒక్క దినము ముట్టకుందుమని లేచుదురు.

దగ్గరి కూటము ఎక్కడ జరుగునో ఎట్లు తెలియును? పెద్ద గవర్నమెంటు ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమును అడుగుడి. వ్యసనముల మాన్పుటకు ప్రభుత్వము పెట్టిన ఉచిత ఫోను 14446 కలదు. చదువుకొన్న మన పిల్లలు ఇంటర్నెట్టులో వెదకిన ఏ.ఏ. వారి పట్టికయు దొరకును. ఏ దినము, ఏ గంట, ఏ భాష అని ముందుగా ఫోను చేసి రూఢిపరచుకొనుడి, వేళలు మారుచుండును. అందరు రాదగిన కూటమా, త్రాగుడు మానగోరువారికి మాత్రమే జరుగు కూటమా అనియు అడుగుడి. రెండవదైన యెడల తోడు వెళ్లినవారు బయట కూర్చుందురు. భార్యలకు, కుటుంబమువారికి ఆల్-అనాన్ అను వేరు సహవాసము కలదు.

అయితే అన్నిటికంటె ముందు డాక్టరు. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల రెండు మూడు దినములలోనే వణుకు, మూర్ఛలు, మతి తప్పుట రావచ్చును, ప్రాణమే పోవచ్చును. ఉపవాస ప్రార్థన పేరిట అట్టివానిని గదిలో పెట్టి తాళము వేయకుడి. ప్రార్థన ఆసుపత్రి మంచము నొద్దను చేయవచ్చును.

అక్కడ హిందువులు, ముసల్మానులు కూర్చుందురు, దేవుని ఎవరికి తెలిసినట్లు వారు తలంతురు, మన విశ్వాసి పోవచ్చునా అని కొందరు పెద్దలు అడుగుదురు. బెల్టు షాపు నొద్ద అతడు ఎవరితో కూర్చుండెనో ఎవరును అడుగలేదే! నయమాను సిరియా సైన్యాధిపతియై యుండియు చెరపట్టబడిన చిన్నదాని మాట విని బయలుదేరెను.

కావున అతడు మొదటిసారి పోవునప్పుడు సంఘములో ఒకరు కూడ పోవలెను. బస్సు ఛార్జీ సంఘపు పెట్టెలోనుండి ఇయ్యవలెను. మధ్యలో జారిపడిన యెడల తరువాతి వారము మరల తీసికొనిపోవలెను.

దగ్గరలో కూటమే లేనియెడల, మానగోరువారు ఇద్దరు చేరినను కూటమగును. పట్టణములోని ఏ.ఏ. వారిని పిలిచిన ఎట్లు జరుపవలెనో చెప్పుదురు. మందిరము ప్రక్క సండేస్కూలు గది వారమునకొక సాయంకాలము ఇయ్యవచ్చును. వారు తమ ఖర్చు తామే భరించు నియమము గలవారు గనుక, కొంచెము అద్దె ఇత్తుమందురు, తీసికొనుడి. లోపల అధ్యక్షత వహింపవలెనని పాస్టరుగారికి తోచును. వహింపరాదు. దీపము వేసి, తాళపుచెవి వారి చేతికిచ్చి ఇంటికి పోవలెను.