ఎత్తు మీద నాకున్న మోజు

డ్రోన్ బయటికి తీసిన ప్రతిసారీ నన్ను ఒక ప్రశ్న తొలుస్తుంది. నాకు అంత ఎత్తు ఎందుకు కావాలి? జవాబు చెప్పుకోవడానికి మొహమాటంగానే ఉంది. నేల మీద నిలబడి ఒక మనిషి వైపు కెమెరా తిప్పాలంటే నాకు బెరుకు. ఆ మనిషి కూడా నన్ను చూస్తాడు కదా. పైన ఆ ఇబ్బంది లేదు. డ్రోన్లకు ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల దాకా వెళ్లనిస్తారు. అంత ఎత్తునుంచి ఎవరి ముఖమూ కనిపించదు, ఎవరి చూపూ నాకు తగలదు.

చిత్రం సినిమాటిక్‌గా రావాలని నేర్చుకున్న పద్ధతులే ఈ బెరుకును బయటపెట్టాయి. షట్టర్ సంగతే తీసుకుందాం. సెకనుకు 24 ఫ్రేములు తీస్తున్నప్పుడు ఒక్కో ఫ్రేముకు దొరికే సమయంలో సగంసేపు షట్టర్ తెరిచి ఉండాలంటారు, అంటే దాదాపు సెకనులో 50వ వంతు. పాత ఫిల్మ్ కెమెరాల్లో సగం తెరిచిన పళ్లెం తిరిగేది, ఆ లెక్క అక్కడిదే. ఎండలో అంతసేపు తెరిస్తే బొమ్మ తెల్లబడిపోతుంది. అందుకే వెలుతురులో 64వ వంతే లోపలికి వదిలే ఎన్‌డి 64 లాంటి ఫిల్టరు బిగిస్తాం. అప్పుడు కదిలేవి కొద్దిగా అలుక్కుని కంటికి హాయిగా ఉంటాయి. కానీ వంద మీటర్ల పైనుంచి చూస్తే ఫ్రేములో ఏదీ వేగంగా కదలదు, ఇక అలుక్కునేదేముంది? ఫిల్టరు పెట్టిన ఫలం దక్కాలంటే కిందికి దిగాల్సిందే.

చినగంజాం ఉప్పు మడుల దగ్గర ఇది నాకు బాగా తెలిసింది. అక్కడ అందరూ తీసే షాట్ ఒకటుంది. నిట్టనిలువుగా పైనుంచి తీస్తారు, గళ్ల దుప్పటి పరిచినట్టు వస్తుంది. అందంగా ఉంటుంది, కాదనను. నడి మధ్యాహ్నం అందులో మనుషులు వట్టి చుక్కలు. పొద్దు వాలాక అదే ఎత్తునుంచి తీస్తే మనిషి చుక్కగానే ఉంటాడు కానీ నీడ మడికి అడ్డంగా సాగుతుంది. నడుము వంచడం, పొడవాటి కర్రకు బిగించిన పలకతో ఉప్పు లాగడం, కాస్త ఆగి నడుము మీద చెయ్యి పెట్టుకోవడం, అన్నీ ఆ నీడలో కనిపిస్తాయి. ఇంకా దిగి, అయిదారు మీటర్ల ఎత్తులో, డ్రోన్‌ను కుదుపుల్లేకుండా నెమ్మదిగా నడిపే సినీ మోడ్‌లో, నడిచే మనిషి వేగంతో గట్టు వెంట పోనిస్తే దగ్గరి ఉప్పు కుప్పలు త్వరగా, దూరపు చెట్లు నిదానంగా జరుగుతాయి. తెర మీద లోతు వచ్చేది ఆ తేడాతోనే. మరీ కిందికి పోకూడదు, రెక్కల గాలికి మడిలో నీళ్లు ముడతలు పడతాయి.

నా డ్రోన్‌కు మైకు లేదు. పలక ఉప్పును గీరే చప్పుడు కావాలంటే ఫోను పట్టుకుని గట్టు మీదికి నేనే వెళ్లాలి. వెళ్లాను. “పైనుంచి మేం ఎట్టా కనపడతన్నాం బాబూ?” అని అడిగిందొకావిడ. తీసిన షాట్ చూపించాను. ఆమె అందులో తనను వెతుక్కోలేదు. ఒక మడి మీద వేలు పెట్టి, “ఇదిగో, ఈ నీళ్లు ఎర్రబడినయ్యి. ఇంక ఉప్పు పండుద్ది” అంది.

ఉప్పునీరు చిక్కబడేకొద్దీ అందులో బతికే సూక్ష్మజీవుల వల్ల ఎర్రడాలు తిరుగుతుంది. నాకు అప్పటిదాకా అది మంచి రంగు, అంతే. ఎడిటింగ్‌లో కూర్చున్నాక ఆ మాట వదల్లేదు. రంగులు తర్వాత దిద్దుకోవడానికి వీలుగా లాగ్‌లో తీసిన ఫుటేజీ చప్పగా ఉంటుంది, దాని మీద రంగులు మార్చే లట్ ఒకటి, నీలం, నారింజ కలిసింది, వేస్తే ఒక్కసారిగా సినిమా కళ వస్తుంది. నాకు ఆ కళ ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే. కానీ అది వేస్తే మడులన్నీ ఒకే నీలిపచ్చలోకి పోతున్నాయి. పండబోయే మడికీ నిన్న నీళ్లు పెట్టిన మడికీ తేడా చెరిగిపోతోంది. ఆమె చూసినా ఏ మడి ఏ దశలో ఉందో చెప్పలేకపోతుంది. తీసేశాను. తెలుపు తెలుపుగా ఉండేలా సరిచేసి, నీడల్ని కాస్త ముదురు చేసి వదిలేశాను. ఇది ఆమె పని మీద గౌరవమా, నిజాయితీగా తీశాడని నలుగురూ అనుకోవాలన్న ఆశా? రెండూ ఉన్నాయి. ఏది ఎంతో విడదీయడం నాకు చేతకావడం లేదు.

120 మీటర్ల షాట్‌ను మాత్రం వదులుకోలేదు. మడులు ఎంత దూరం పరుచుకున్నాయో, అంత విస్తీర్ణంలో ఎంత కొద్దిమంది చేతులు పనిచేస్తున్నాయో చెప్పేది అదొక్కటే. కాకపోతే వీడియో దానితో మొదలుకాదు. ముందు పలక గీరుడు, తర్వాత నీడ, ఎర్రబడిన మడి, ఆ తర్వాతే కెమెరా పైకి లేవడం.