పట్టా ఒకరిది, పైపు ఒకరిది



మొన్న ఆదివారం చందర్లపాడులో పూజ ముగిసిన తరువాత ఒక రైతు పెద్దాయన నన్ను ఆపారు. "ఫాదర్‌గారూ, గోదావరి జిల్లాలో మా బావమరిది పొలంలోంచి గ్యాసు పైపు పోయింది. పట్టా వాడి పేరునే ఉంది. ఆ మేర మాత్రం బావి తవ్వకూడదట, చెట్టు నాటకూడదట. మరి ఆ నేల ఎవరిదండీ?" అని అడిగారు.

నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదది. 1962 నాటి పైపులైన్ల చట్టం భూమిని తీసుకోదు. వాడుకొనే హక్కును మాత్రమే తీసుకొంటుంది. అందుకు ఇచ్చేది, పంటనష్టం గాక, ఆ నేల మార్కెట్ విలువలో 10 శాతం. పైపు యజమాని మారవచ్చు కూడా. కాకినాడ దగ్గరి గాడిమొగ నుండి గుజరాత్‌లోని భరూచ్ వరకు రిలయన్స్ వర్గం వేసిన గ్యాసు పైపులైను 2019లో కెనడాకు చెందిన బ్రూక్‌ఫీల్డ్ ట్రస్టు చేతికి వెళ్లింది. ఆ అమ్మకానికి పైన దున్నే రైతు సమ్మతి అక్కర లేదు.

ప్రభుత్వమే యజమాని అయితే చిక్కు తీరుతుందా? కెనడా ప్రభుత్వం 2018లో ట్రాన్స్ మౌంటెన్ ముడిచమురు పైపులైనును 450 కోట్ల కెనడా డాలర్లకు కొన్నది. ఆ ఏడాదే, ఆదివాసులను సరిగా సంప్రదించలేదని అక్కడి కోర్టు విస్తరణ అనుమతిని కొట్టివేసింది. 2019లో మళ్లీ అనుమతి ఇచ్చి, 2024లో విస్తరణ పూర్తిచేశారు. ఎవరు కొన్నా, నేలమీది మనిషిని అడగవలసిన బాధ్యత పోలేదు.

ఆస్తి కలిగి ఉండడం వేరు, దానిని వాడడం వేరు అని పునీత తోమస్ అక్వినాసు బోధించారు. కలిగి ఉండడం న్యాయమే. వాడకంలో మాత్రం పదిమంది అవసరం చూడాలి. గ్యాసు పదిమందికీ కావాలి, మన పొయ్యీ వెలగాలి. కనుక రైతు కొంత సర్దుకోవాలి. అయితే ఈ నియమం రైతుకేనా, పైపు యజమానికి లేదా?

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో, మన కొండపల్లికి గ్యాసు తెచ్చే గెయిల్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. వాసన వస్తోందని ఊరివారు ముందే మొరపెట్టుకొన్నట్లు పత్రికలు రాశాయి. వాడుకొనే హక్కు తీసుకొన్నవాడు కాపాడే భారమూ తీసుకొన్నట్లే. పదో వంతు చెల్లించినంత మాత్రాన ఆ బాకీ తీరదు.

"పొలం మీ బావమరిదిదే. దాన్ని వాడుకొనేవాళ్లు ఆయనకు ఋణపడి ఉన్నారు" అని ఆ పెద్దాయనకు చెప్పాను.

మీ ఊరిలో అట్టి ప్రకటన వస్తే, 21 రోజులలోగా అభ్యంతరం చెప్పుకొనే హక్కు ఉంది. చదువు వచ్చినవారు ఆ కాగితాన్ని రానివారికి చదివి వినిపించండి. అదీ పొరుగువాని ప్రేమే.