చేసినవారికి చేరని ఫలం

చేసిన కర్మ చేసినవారే అనుభవించాలన్న నమ్మకాన్ని మనం నీతికి పునాదిగా భావిస్తాం. తప్పు ఎప్పటికైనా తనకే తగులుతుందన్న భయమే మనిషిని అదుపులో ఉంచుతుందంటాం. మరి ఒకరు చేసిన పని ఫలం మరొకరి చేలో పండితే? క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ వంటి పంటల వేళ్లకు పట్టే క్లబ్‌రూట్ తెగులు ఈ ప్రశ్నను తప్పించుకోనివ్వదు.

1870లలో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టుపక్కల క్యాబేజీ తోటలు ఈ తెగులుకు దెబ్బతిన్నాయి. వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ వొరోనిన్ 1878లో వెలువరించిన పరిశోధనలో దానికి కారణమైన సూక్ష్మజీవిని వివరించాడు. అది వేళ్లలో చేరి గడ్డలు కట్టిస్తుంది. నీరు సరిగా పైకెక్కక మొక్క ఎండకు వాడిపోతుంది. గడ్డలు కుళ్లాక ఆ జీవి సిద్ధబీజాలు లెక్కలేనన్ని మట్టిలో కలుస్తాయి. వాటిలో చాలావరకు తొలి ఏళ్లలోనే నశించినా, మిగిలినవి పదిహేనేళ్లు దాటినా బతికుండగలవు. చెప్పులకూ ట్రాక్టరు చక్రాలకూ అంటిన మట్టితో, నారుతో, పారే నీటితో అవి పక్క పొలానికి పోతాయి. నేలలో చేరాక పూర్తిగా తుడిచిపెట్టే మందు లేదు. ఆమ్ల నేలకు సున్నం వేసి పీహెచ్ 7.2 దాటించడం, క్యాబేజీ కుటుంబపు పంటలను ఏళ్ల తరబడి ఆపడం, ఆవజాతి కలుపు పీకడం, నీరు నిలవకుండా చూడటం, పనిముట్లు కడగడం, తెగులు లేని నారు నాటడం, ఇవే దారులు.

ఏటా క్యాబేజీయే వేసినవాడు రాబడి తీసుకుని వెళ్లిపోవచ్చు. నష్టం తర్వాత దున్నేవాడిది. సున్నానికి ఖర్చుపెట్టి పంట మార్చినవాడికి దక్కేది కొంతే. అసలు మేలు ఇరుగుపొరుగుకూ రాబోయేవాళ్లకూ. కాబట్టి నా ఫలం నాకే అన్న లెక్క మీద నిలబడిన నీతి ఈ నేలను కాపాడలేదు. ఫలం మీద హక్కు కోరకుండా పనిచేయమన్న గీతాబోధను మనం మనశ్శాంతికి ఉపాయంగా వింటాం. ఇక్కడ అది పొలం పని. ఎదుటివాడికి దక్కే ఫలం కోసం నేడు చేయవలసిన పని.

ఇప్పుడు కాకపోతే వచ్చే జన్మలోనైనా ఆ ఫలం నేలను చెడగొట్టినవాడికి తగలక తప్పదని కొందరంటారు. తగిలినా, పంట పోయినవాడి అప్పు తీరదు. పైగా అదే తర్కం ఆ నష్టపోయినవాడితో కూడా ఇది నీ పూర్వకర్మే అనేస్తుంది. బాధపడేవాడి మీదే నేరం మోపే సమాధానం ధర్మం కాజాలదు. తెలియక చేసినదానికి బాధ్యత ఏమిటన్నది మరో ప్రశ్న. బౌద్ధం సంకల్పాన్నే కర్మ అంది. జైనం తెలియక చేసిన హింసకూ ఫలం ఉంటుందంది. ఇక్కడ ఆ తగవు తేలకపోయినా ఇబ్బంది లేదు. కారణం తెలిసి నూట నలభై ఏళ్లు దాటింది. కాబట్టి తెలిసినవాడు మట్టి కడగకపోవడం నిర్లక్ష్యమే.

తెగులును తట్టుకునే విత్తనం వస్తే ఈ చింతంతా తీరుతుందన్న ఆశ ఉంది. కెనడాలోని ఆల్బెర్టాలో 2003లో ఇదే కుటుంబపు నూనెగింజ పంట కనోలా చేలలో ఈ తెగులు బయటపడింది. 2009లో తట్టుకునే రకాలు వచ్చాయి. 2013కల్లా వాటినీ లొంగదీసే తెగులు కనిపించింది. విత్తనం గడువిస్తుందే గాని బాధ్యతను మాఫీ చేయదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం పేదరికానిది. వచ్చే ఏడు ఈ నేల తనదో కాదో తెలియని కౌలురైతును పదేళ్ల ముందుచూపు అడగడం న్యాయమా? ఒంటరిగా అతణ్ణే అడిగితే అన్యాయమే. అయితే ఆ అభ్యంతరం ధర్మాన్ని కొట్టివేయదు, దాన్ని పంచమంటుంది. కౌలు గడువు పెంచవలసింది భూయజమాని, సున్నం ఖర్చులో వాటా పెట్టవలసింది ప్రభుత్వం, పంట మార్పును నిలబెట్టే ధర ఇవ్వవలసింది కొనేవాళ్లం మనం. నేలలో ఒకరి కర్మ అందరి ఫలమవుతున్నప్పుడు, దాన్ని బాగుచేసే భారం కూడా అందరిదీ కావాలి.